నాలుగో నంబరు సెట్టు

"బేడీలు తీయించు నర్సింగం. ఆనాడు ఏం చేసిండో చేసి చూపియ్యాలంటే రెండు చేతులు గావాలె గదా."

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ అంద్రెయ ఈ మాటలు మెల్లగా, నిద్రలో పలవరిస్తున్నట్టు అన్నాడు. రెండు రాత్రులుగా అతనికి సరిగ్గా నిద్ర లేదు. వరంగల్‌లో రైలెక్కింది మొదలు చుట్టూ ఉన్న ప్రపంచం నీళ్ల అడుగు నుంచి చూస్తున్నట్టు కదులుతోంది. అతనికి అది ఇబ్బంది కాదు. మెలకువకూ నిద్రకూ మధ్య ఉన్న ఆ సన్నటి గట్టు మీదే అతని బుర్ర బాగా పనిచేస్తుంది. డిపార్టుమెంటులో అతనికి 'నిద్ర ఇన్‌స్పెక్టర్' అని పేరు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నర్సింగం తలుపు దగ్గర నుంచి కదల్లేదు. ఇద్దరూ ఒకే ఏడు ట్రైనింగు చేసినవాళ్లు. ఇరవయ్యేళ్లుగా ఒకరి కేసులో ఒకరు వేలు పెట్టుకుంటూనే ఉన్నారు.

"కేసు తెగిపోయింది అంద్రెయా. నువ్వొచ్చి మళ్ల మొదటికి తెస్తున్నవ్."

"తెగినదాన్ని నేనేం అతుకుత. తీయించు."

నర్సింగం కానిస్టేబులుకు సైగ చేశాడు. బేడీలు విడిపోగానే ముత్యం మణికట్లు రుద్దుకుంటూ గోడ వంక చూశాడు. గోడకు ఆరు కొక్కేలు. ఐదింటికి ఏమీ లేదు. నాలుగో దానికి ఒక సెట్టు వేలాడుతోంది. రొమ్ము మీద వేసుకునే రబ్బరు గుడ్డ సంచి, వీపు మీద ఆక్సిజన్ సిలిండరు, రెంటినీ కలిపే గొట్టాలు. బొగ్గు బాయిలో మంటలు లేచి గాలి విషమైనప్పుడు లోపలికి దిగే మనుషులకు అదే ఊపిరి. ఆ మనుషులను, ఆ సెట్లను ఉంచే చోటే ఈ రెస్క్యూ స్టేషన్. సెట్లు కడిగి, పరీక్ష చేసి, వరుసగా తగిలించడం పదేళ్లుగా ముత్యం పని.

మొన్న గురువారం, మే పదో తేదీన, ఆ నాలుగో నంబరు సెట్టు వేసుకుని లోపలికి పోయిన గట్టయ్య శవమై బయటికొచ్చాడు.

"టైము చెప్పుకుంట చెయ్యి," అన్నాడు అంద్రెయ, కళ్లు సగం మూసి.

"పొద్దుగాల ఎనిమిదింబావుకు పరీక్ష చేసిన సార్. సంచి నిండ గాలి పట్టిచ్చి, గీ తొట్టిల ముంచుత. ఏడనన్న లీకుంటే బుడగ లేస్తది. ఆరు సెట్లు ముంచిన. ఒక్క బుడగ లేవలేదు. రిజిస్టర్ల సంతకం పెట్టిన."

"తొట్టిల నీళ్లు ఎట్లుంటయి?"

ముత్యానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "కుండల నీళ్ల లెక్క సల్లగుంటయి సార్."

"తర్వాత?"

"ఎనిమిది నలపైకి ఫోనొచ్చింది, బొగ్గు తీసిడిసిన పాత గ్యాలరీల మంట వాసనొస్తున్నదని. తొమ్మిది ఇరవైకి ఐదుగురు లోపటికి పోయిండ్రు. మంట దిక్కు గోడ కట్టాలె. గట్టయ్య తాపీ పట్టిండట. తొమ్మిది యాభై ఐదుకు కూలవడ్డడు."

"ముప్పై ఐదు నిమిషాలు," అన్నాడు అంద్రెయ తనలో తాను. ఆ అంకె అతని కళ్ల ముందు చేపలా ఒకసారి తళుక్కుమని లోతుకు పోయింది.

నర్సింగం ముందుకొచ్చాడు. "మిగిలింది నేను చెప్త విను. శవం బయటికి రాంగనే సెట్టు చూసిండ్రు. సంచికి గొట్టం కలిసేకాడ అతుకు వదులుంది. అండ్లకెల్లి విషగాలి గుంజుకున్నడు. ఆ నట్టును ఆఖరుకు ముట్టుకున్నది గీ ముత్యం. మంగళారం నాడు హోటల్ ముంగట ఇద్దరు కాలర్లు పట్టుకున్నరు, ఇరవై మంది చూసిండ్రు. ఇంకేం గావాలె నీకు?"

"ఎందుకు పట్టుకున్నరు ముత్యం?"

ముత్యం తొట్టి వంక చూస్తూ చెప్పాడు. "నిరుడు కార్తీకంల బాయిల పైకప్పు కూలి ముగ్గురు సచ్చిండ్రు సార్. దాని మీద సోమారం ఎంక్వైరీ. గట్టయ్య సాక్ష్యం చెప్తనన్నడు, పైవాళ్ల తప్పేనని. వద్దురా, నౌకరి పోతది, పిల్లలున్నరు అన్న. పిరికోడివి అన్నడు. చెయ్యి లేచింది." తొట్టి అంచు పట్టుకున్నాడు. "నేను పిరికోన్నే సార్. పిరికోడే గదా వాషర్లను రెండుపార్ల చూసేది."

అప్పుడే స్టేషన్ ఇన్‌ఛార్జి సదయ్య స్వయంగా టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మందపాటి అద్దాల వెనక కళ్లు తడిగా, దయగా ఉన్నాయి. మొదటి గ్లాసు ముత్యానికే ఇచ్చాడు.

"తాగు తమ్మీ. మా పోరడు గసుంటోడు గాదు సార్," అని అంద్రెయతో అన్నాడు. "మీరు చూసుకోండ్రి. నేను పోవాలె. రెండింటికి పోశం బ్యాచి లోపటికి పోతది, మొన్న కట్టిన గోడ ఎట్లున్నదో చూడనీకె. ఫోను కాడ నేనుండాలె. సెట్లు ఆల్రెడీ బండిల ఎక్కిచ్చిన."

అతను వెళ్లిపోయాక అంద్రెయ లేచి నాలుగో సెట్టును బల్ల మీద పడుకోబెట్టాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో బొగ్గు దుమ్ము బంగారు పొట్టులా తేలుతోంది. అతుకు దగ్గర ఇత్తడి నట్టు, దాని కింద ఇత్తడి మెడ. రెంటి మీదా ఉలితో కొట్టిన సన్నటి గీతలు.

"ఇయ్యేంది?"

"నేను కొట్టిన గుర్తులు సార్. నట్టు బిగిచ్చినంక గీతకు గీత కలవాలె. కలిస్తేనే నేను సంతకం పెడ్త."

అంద్రెయ వేలితో తడిమాడు. గీతకు గీత వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసి ఉంది. నట్టును చిటికెన వేలితో కదిపాడు. అతుకు లొటలొటలాడింది.

"నర్సింగం, ఒక్కపారి ఇటు రా. శవం వచ్చినంక దీన్ని ఎవలన్న తిప్పిండ్రా?"

"లే. నేనే సీలు వేయించిన. ఇయ్యాల నీ కోసమే విప్పిచ్చిన."

"మరి నట్టు జరగలే. గీతలు జరగలే. అతుకేమో వదులైంది. అంటే నట్టు తిరగలేదు. నట్టు కింద ఉన్నదేదో సన్నగైంది."

అంద్రెయ నట్టు విప్పి లోపలి వాషరును బయటికి తీశాడు. రూపాయి బిళ్లంత నల్లటి రబ్బరు ఉంగరం. ఒక పక్క మందంగా, ఇంకో పక్క విదియ చంద్రుడి కొనలా పలుచబడి ఉంది. లాగి వదిలితే టప్పున వెనక్కి వచ్చింది.

"మంచిగనే ఉంది గదా రబ్బరు," అన్నాడు నర్సింగం.

అంద్రెయ తన బొటనవేలు చూసుకున్నాడు. నల్లగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని, తల వంచి నర్సింగం బూట్ల వంక చూశాడు. అద్దంలా మెరుస్తున్నాయి.

"నీ బూట్ల వాసనే వస్తున్నది."

జేబులోంచి బ్లేడు తీయగానే నర్సింగం అతని చెయ్యి పట్టుకున్నాడు. "అది సాక్ష్యం. కోసినవంటే నీ మీద పైకి రాస్త."

"రాయి. సగం నీకే ఇస్త. పంచు సాక్షుల సంతకాలు తీస్కో. కని నువ్వు గూడ చూడు."

చెయ్యి వదలడానికి నర్సింగానికి కొంత సేపు పట్టింది. బ్లేడు దిగింది. పైన పట్టిన నల్లటి పాలిష్ పొర కింద ఆ రబ్బరు తేనె రంగులో, దాదాపు అద్దంలా ఉంది. పెట్టెలోని కొత్త వాషరు ఒకటి కోసి చూశారు. అది నడి మధ్య దాకా నలుపే.

ముత్యం రెండు ముక్కలనూ చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"నేను రెండుపార్లు చూసిన సార్," అన్నాడు. "నల్లగనే ఉండె."

*

కంపెనీ లాబొరేటరీలో బొగ్గు నమూనాలు పరీక్ష చేసే సుగుణమణికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తండ్రి తీతు, చర్చి పెద్ద, బాయిలో టైంకీపరుగా రిటైరయ్యాడు. హైదరాబాదులో ఎం.యస్సీ. చదివి మళ్లీ ఈ బొగ్గు పొడి మధ్యకే వచ్చింది. అంద్రెయ కాగితం పొట్లం విప్పి పెట్టగానే ఆమె తేనె రంగు ముక్కను పటకారుతో ఎత్తి వెలుతురుకు పట్టింది. ఆమె ముఖంలో ఏదో మారింది. అంద్రెయ ఆ మార్పును చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. అప్పుడు ఒంటిగంటా ముప్పై ఐదు.

"దీని గురించి మీకేం తెలుసో చెప్పండి," అన్నాడు.

ఆమె స్పిరిటు దీపం వెలిగించి, మామూలు వాషరు ముక్కను స్టీలు చెంచాలో పెట్టి వేడి చేసింది. అది కమిలి కంపు కొట్టింది తప్ప కరగలేదు. ఇంకో చెంచాలో తేనె రంగు ముక్క పెట్టి మంటకు దూరంగా పట్టుకుంది. కాసేపటికి దాని అంచులు గుండ్రబడ్డాయి. పుల్లతో లాగితే పాకంలా తీగ సాగింది. చెంచాను తడిగుడ్డ మీద ఉంచి, చల్లారాక ఆ తీగను అంద్రెయ చేతికిచ్చింది.

"ఇప్పుడు గుంజున్రి సార్."

లాగాడు. సాగింది. వదిలాడు. వెనక్కి వచ్చింది. ఐదు నిమిషాల కింద పాకం, ఇప్పుడు రబ్బరు. అతను పసివాడిలా మళ్లీ మళ్లీ లాగి వదులుతూ ఉండిపోయాడు.

"రబ్బరంటే లోపల పొడుగు దారాలు సార్," అంది సుగుణమణి. "మామూలు రబ్బరుల ఆ దారాలకు గంధకంతోని ముడులు వేస్తరు. అవి మళ్ల విప్పనీకె రావు. ఎంత కాల్చినా మాడుతది గని కరగది. ఇది వేరే. దీంట్ల ఒక్కో దారం మూడు ముక్కలు. నడుమ పొడుగ్గ మెత్తటి రబ్బరు. రెండు కొసలకు గట్టి ప్లాస్టిక్, మనం తల దువ్వుకునే దువ్వెన్ల అసుంటిది. ఈ రెంటికి పొత్తు కుదరది, నూనెకు నీళ్లకు లెక్క. వేరే వేరే దారాలైతే ఎటోటు విడిపోతుండె. కని ఒక్కటే దారమాయె. ఎటు పోతయి?"

"మరేం చేస్తయి?"

"కొసలన్ని కొసలతోని గుంపు కూడుతయి. గోరంత జాగల కోట్లకు కోట్లు గుంపులు. కంటికి ఆనయి. ఆ గుంపులే ముడుల పని చేస్తయి. సల్లగున్నంత సేపు గట్టి ముడి. వేడి తగిలితే కొసలు మెత్తబడి ముడి వదులైతది. దారాలు జారుతయి. మళ్ల సల్లారితే, జారిన కాడనే మళ్ల గుంపు కూడి ముడివడ్తయి."

ఆమె మాటలు అంద్రెయకు ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. కళ్లు మూసుకున్నాడు. లెక్కలేనన్ని దారాలు చీకట్లో చేతులు చాచి తమ వాళ్లను వెతుక్కుంటున్నాయి. దొరికిన చోట గట్టిగా పట్టుకుంటున్నాయి. వేడి గాలి వీచగానే పిడికిళ్లు వదులవుతున్నాయి. వాటి మధ్య గట్టయ్య తాపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సల్లటి నీళ్ల తొట్టి," అన్నాడు కళ్లు తెరవకుండానే. "అండ్ల ముంచితే బుడగ ఎందుకు లేస్తది. లోపలికి పోయినంకనే వేడి."

"బయటి వేడి ఒక్కటే గాదు సార్. మనం విడిచిన చెడ్డగాలిని పీల్చనీకె ఆ సంచిల ఒక పొడి పోస్తరు. పని చేసినకొద్ది ఆ పొడే కాల్తది. అరగంటకు సంచి రొమ్మును సుర్రుమనిపిస్తదని సెట్లేసుకొని దిగే బ్రిగేడోళ్లు చెప్తరు. అతుకు దాని పక్కనే."

"ముప్పై ఐదు నిమిషాలు," అన్నాడు అంద్రెయ. "శవం బయటికొచ్చేసరికి చల్లారి మళ్ల రబ్బరైంది. ఆకారం ఒక్కటే మారింది."

తలుపు దగ్గర నిలబడ్డ నర్సింగం గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇసుంటి రబ్బరు బజార్ల దొరుకుతదా? దొరికితే ముత్యమే కొని ఉండొచ్చు."

సుగుణమణి ఆ ముక్క నుంచి బ్లేడుతో పలచటి పొరలు గీసి, గాజు గొట్టంలో వేసి, దాన్ని కరిగించే టోలుయీన్ చుక్కలు చుక్కలుగా పోసింది. గొట్టాన్ని వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టి, ఉండుండి కదుపుతూ కూర్చుంది. గోడ గడియారం ఒంటిగంటా యాభై దాటింది. నర్సింగం అసహనంగా అటూ ఇటూ తిరిగాడు. అంద్రెయ గోడకు తల ఆనించి నిద్రపోయినట్టే ఉన్నాడు.

రెండూ పదికి ఆమె గొట్టాన్ని బయటికి తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి, వెనక నల్ల కాగితం పెట్టింది.

"చూడున్రి సార్."

జిగురులా చిక్కబడ్డ ఆ ద్రవంలో నెమలి మెడ రంగు మెరిసింది. కొంచెం వంచితే ఆకుపచ్చ, ఇంకొంచెం వంచితే ఊదారంగు, మళ్లీ నీలం. అందులో ఏ రంగూ కలపలేదు. నర్సింగం తనకు తెలియకుండానే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముగ్గురూ ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఎందుకొచ్చారో మరిచిపోయినట్టు ఆ రంగులనే చూస్తూ ఉండిపోయారు.

"సబ్బు బుడగ మీద రంగు ఎట్ల కనవడ్తదో ఇది గూడ గట్లనే," అంది సుగుణమణి. "లోపలి గుంపులు వరుసగ నిలవడ్డయి. వాటి నడుమ దూరం వెలుగు అలకు సరిపోయింది. అందుకే రంగు. బయట దేశంల అమ్మే రకానికి ఈ రంగు రాదు, దాని దారాలు పొట్టియి. ఇది మా ప్రొఫెసరు చేసిండు. నడిమి దారం మరీ పొడుగు, కొసలు మరీ పొట్టి. అరవై డిగ్రీలకే మెత్తబడ్తున్నదని పనికిరాదన్నడు. పారేసేది నేను దాచుకున్న. రంగు కోసం."

"దేశంల ఇంకెవల తాన ఉంది?"

"ఎవల తాన లేదు సార్. నా తాన అరచెయ్యంత షీటు ఒక్కటి ఉండె."

"ఉండె?"

"పోయిన నెల ఇచ్చేసిన. బాయిల పట్టుకపోయే సేఫ్టీ దీపం గ్లాసు కింద వేసి చూస్తమని అడిగితే." ఆమె గొట్టాన్ని చాలా జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. "వేడి తగలద్దని చెప్పిన. ఎన్ని డిగ్రీలకు మెత్తబడ్తదని రెండుపార్లు అడిగి, కాయితం మీద రాసుకున్నడు. మంచిదే కదా, జాగ్రత్త మనిషి అనుకున్న."

"ఎవలు?"

"రెస్క్యూ స్టేషన్ సదయ్య సారు."

టోపీ పెట్టుకోబోతున్న నర్సింగం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "సదయ్య," అన్నాడు నెమ్మదిగా. "ఈ స్టేషనుకు వచ్చి ఆరు నెలలే. దానికి ముందు బాయిల ఓవర్‌మన్, షిఫ్టు మీద పెద్ద. నిరుడు పైకప్పు కూలిన షిఫ్టు ఆయనదే. పైకప్పు కింద ఊతం దిమ్మెలు పెట్టకముందే మనుషుల్ని పంపిండని ఫిర్యాదు."

"సోమారం ఎంక్వైరీల సాక్షి గట్టయ్య ఒక్కడేనా?"

"ఆ దినం బతికి బయటపడ్డది ఇద్దరు." నర్సింగం గోడ గడియారం వంక చూశాడు. "గట్టయ్య, పోశం."

అంద్రెయ కళ్లలో నిద్ర ఒక్కసారిగా ఎగిరిపోయింది. గడియారం రెండూ పన్నెండు చూపిస్తోంది. పోశం బ్యాచి రెండింటికి లోపలికి వెళ్లింది. ఒక్కొక్కరికి సొంత నంబరు సెట్టు. ఆ సెట్లు సదయ్యే బండిలో ఎక్కించాడు.

అతను ఫోనందుకుని బాయి లోపలి ఫోను అడిగాడు. రెండు నిమిషాలు పోయాయి.

"హలో," అంది అవతలి నుంచి దయగల గొంతు.

"సదయ్యా, పోశం బ్యాచిని ఎనకకు పిలువున్రి. గిప్పుడే."

అవతల రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"వాళ్లు మంచి గాలి దాటి పోయిండ్రు సార్. ఫోను ఈడిదాంకనే."

"మీరు పోయి పిలువున్రి."

"నా తాన సెట్టు లేదు సార్," అన్నాడు సదయ్య. ఫోను పెట్టేసిన చప్పుడు చాలా మెత్తగా వినిపించింది.

*

జీపు బాయి నోటి దగ్గర ఆగేసరికి రెండూ ఇరవై ఏడు. దారిలో, మళ్లీ వేసిన బేడీలతో వెనక సీట్లో కూర్చున్న ముత్యానికి జరిగిందంతా అంద్రెయ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ముత్యం ఏడవలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా పెదాలు కదిలించాడు.

"ఉరికిపోయినా పావుగంట పడ్తది సార్. కని నీళ్ల పైపు గోడ దాంక పోతది. ఇనుపది. ఈడ కొడితే ఆడ ఇనవడ్తది."

"కొడితే ఏం తెలుస్తది వాళ్లకు?"

"లోపట నోట్ల గొట్టం ఉంటది, మాట్లాడరాదు. హారన్ మోతే మాట. మూడు కొడితే ఎనకకు మర్రాలె. అది బ్రిగేడోళ్లకు నిద్రల గూడ యాదికుంటది."

నర్సింగం జీపులోంచి జాకీ రాడ్డు లాగి, పైపు దగ్గరికి పరుగెత్తి, గబగబా ఐదారు దెబ్బలు కొట్టాడు. ముత్యం బేడీల చేతులు ముందుకు చాచాడు.

"గట్లగాదు సార్. గట్ల కొడితే రిపేరనుకుంటరు. నాకియ్యున్రి."

నర్సింగం ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి బేడీలు విప్పి, రాడ్డు అతని చేతిలో పెట్టాడు.

మూడు దెబ్బలు. ఆగడం. మూడు దెబ్బలు. ఆగడం. ఆ చప్పుడు ఇనుములోంచి భూమి కడుపులోకి దిగిపోతుంటే, ఎండలో నిలబడ్డ అంద్రెయకు తన నాడి ఎవరో బయటి నుంచి కొడుతున్నట్టు అనిపించింది. బాయి నోరు నల్లగా, చల్లగా, ఏమీ చెప్పకుండా ఉంది. రెండూ ముప్పై ఐదైంది. ముత్యం అరచేతులు చిట్లి రాడ్డు తడిసింది. అతను లయ తప్పలేదు.

రెండూ నలభై ఒకటికి లోపల దీపాలు కనిపించాయి. ఒకటి, రెండు. ఆ వెనక ఇద్దరు మనుషులు మూడో మనిషిని భుజాల మీద మోసుకొస్తున్నారు. ఆ వెనక కొంచెం దూరంలో, దీపం ఆర్పేసుకుని, ఒక్కడే నడిచి వస్తున్నాడు సదయ్య. ఆయనకు పోవడానికి వేరే దారి లేదు.

మోసుకొచ్చినవాడిని నేల మీద పడుకోబెట్టారు. నోట్లోని గొట్టం తీయగానే పోశం వాంతి చేసుకున్నాడు, దగ్గాడు, కళ్లు తెరిచాడు. పైపు మోగినప్పుడు వాళ్లు గోడకు ఇంకా ఇరవై గజాల దూరంలో ఉన్నారని, వెనక్కి తిరిగి మంచి గాలి చేరబోతుండగా పోశం కాళ్లు తడబడ్డాయని పక్కవాళ్లు చెప్పారు.

ముత్యం అప్పటికే పోశం ఒంటి మీది రెండో నంబరు సెట్టు నట్టు విప్పాడు. ఉంగరం ఇంకా వేడిగా ఉంది. నర్సింగం గోటితో నొక్కితే మైనంలా లోపలికి దిగింది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. రెండు నిమిషాల తర్వాత మళ్లీ నొక్కాడు. గోరు దిగలేదు.

"నేను చూసిన," అన్నాడు అంద్రెయతో. "కోర్టుల నేనే చెప్త."

మిగతా నలుగురి సెట్లూ విప్పి చూశారు. వాటిలో మామూలు నల్ల వాషర్లే.

అంద్రెయ సదయ్య ముందు నిలబడ్డాడు. "షీటు అరచెయ్యంత ఉండెనట. ఎన్ని కోసినవ్?"

సదయ్య కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నర్సింగం అతని భుజం పట్టుకుని ఊపినా పెదవి విప్పలేదు. అప్పుడు నేల మీద నుంచి పోశం మోచేతి మీద లేచాడు. అతని గొంతు గరగరలాడింది.

"సదన్నా," అన్నాడు. "ఎన్ని కోసినవే?"

ఆ పిలుపుకు సదయ్య పోశం వంక చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఆరు."

"ఇంకో నాలుగేడ?" అన్నాడు అంద్రెయ.

"బుధవారం రామకృష్ణాపూర్ స్టేషనుకు పంపినం గదా, రిపేరు చేసిన నాలుగు సెట్లు. అండ్ల ఏసిన."

ముత్యం అడ్డు తగిలాడు. "సార్, ఈయాల ఆడ ప్రాక్టీసుంది. సెట్లేసుకొని పొగ గదిల. మూడు గంటలకు."

నర్సింగం అప్పటికే బాయి నోటి పక్కనున్న ఫోను గదిలోకి దూకాడు. రామకృష్ణాపూర్ రెస్క్యూ స్టేషన్ కావాలని అతను అరవడం బయటికి వినిపిస్తోంది. గడియారంలో మూడుకు ఐదు తక్కువ.

"ఆ నలుగురికి ఎంక్వైరీతోని ఏం పని?" అన్నాడు అంద్రెయ. అతనికి మళ్లీ అంతా నీళ్ల అడుగున జరుగుతున్నట్టు అనిపించింది. "వాళ్లు నీకు తెల్వను గూడ తెల్వదు."

సదయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. లెక్క చెప్పే మాస్టారులా నిదానంగా జవాబిచ్చాడు.

"ఇద్దరే పోతే నన్ను అడుగుతరు సార్. ఆరుగురు పోతే రబ్బరును అడుగుతరు."

లోపల నర్సింగం మాట్లాడటం ఆపేశాడు. రిసీవరు చెవికి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రామకృష్ణాపూర్‌లో ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.